నడుంపట్టీ

మపుట్సో ఫ్యాక్టరీలో నా పని నడుంపట్టీలు.
పూటకి రెండొందల జీన్సు ప్యాంట్లకి
నడుములు కుట్టి పంపుతాను,
ఎవరివో, ఏ దేశాల వాళ్ళవో.
ముప్పై రెండు, ముప్పై ఆరు, నలభై.
చీటీ చూడక్కర్లేదు, చేత్తో తడిమి చెప్పగలను.

మా అమ్మ బెల్టు ఒకటి నా దగ్గరుంది.
కంపెనీ వేసిన బెజ్జాలు అయిదు.
మిగతావి అమ్మ వేసుకున్నవి,
మేకు పొయ్యిలో ఎర్రగా కాల్చి
ఒక్కొక్కటే లోపలికి, ఇంకా లోపలికి.
ఏడు.
ఏడోది పడిన చలికాలం
కొండల మీద మంచు కరగకముందే
అమ్మని దుప్పట్లో చుట్టి తీసుకెళ్ళారు.
దుప్పటే బరువుగా ఉందన్నాడు మోసిన మామయ్య.

అప్పట్లో మా వీధిలో జబ్బు పేరు ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు.
"చిక్కింది" అనేవాళ్ళు.
ఆ ఒక్క మాటకి కిటికీలు మూసుకునేవి.

అందుకే నాకూ ఉందని తెలిసిన రోజు
రక్తం గురించి ఏమీ అడగలేదు.
ఎప్పుడు చిక్కుతాను అని అడిగాను.
"మాత్ర మానకు, చిక్కవు," అంది నర్సు డిమకాట్సో.

చిక్కలేదు.
ఒళ్ళు చేశాను.
రాత్రి తొమ్మిదికి ఫోను మోగడం, మాత్ర, గుక్కెడు నీళ్ళు;
నెల తప్పేనాటికే పాత గౌను భుజాల దగ్గర ఆగిపోయింది.
అత్త మురిసిపోయింది.
మా వాళ్ళలో కోడలికి పెళ్ళినాడే పేరు మారుతుంది,
ఇంకా పుట్టని బిడ్డకి తల్లిగా.
మ-న్యకాల్లో: సంతోషానికి తల్లి.
"పేరుకి తగ్గ ఒళ్ళు వచ్చింది," అని ఊరంతా చెప్పింది.

ఏడో నెలలో డిమకాట్సో తూకం ముల్లు చూసింది,
నా పాదం మీద వేలితో నొక్కింది.
గుంట నింపాదిగా పూడింది.
"బీపీ పెరుగుతోంది. సంకటి తగ్గించు, ఉప్పు తగ్గించు, నడు."
ఇదే బల్ల మీద కూర్చోబెట్టి
మా అమ్మని తినమని, ఒక్క ముద్ద తినమని బతిమాలిన మనిషి.
చెప్తూ తనే నా కళ్ళలోకి చూడలేకపోయింది.

న్యకాల్లో మూడు కిలోల నూరు గ్రాములు పుట్టింది.
ఆరో వారం మడమ మీద సూది, కాగితం మీద చుక్క.
కబురు వచ్చేదాకా నాకు నిద్ర లేదు.
లేదు, అన్నారు. జబ్బు లేదు.
కుట్టుమిషను ముందు పాలు పొంగి
యూనిఫారం తడిసింది.

బిడ్డ దిగింది, బరువు దిగలేదు.
పక్క మిషను పులెంగ్ గుసగుసలాడింది:
"ఆ మాత్ర వల్లేనట. మా అక్క మానేసింది,
రెండు నెలల్లో పాత స్కర్టు పట్టింది."

ఆ రాత్రి ఫోను మోగింది. మోగనిచ్చాను.
పాప పాలు తాగుతూ
నా రవిక అంచు గట్టిగా పట్టుకుని ఉంది.
పదిహేడు నిమిషాలు.
లేచి మాత్ర వేసుకున్నాను.
ఆ పదిహేడు నిమిషాల సంగతి
మొట్లాట్సికి కూడా చెప్పలేదు.

ఇప్పుడు సాయంత్రాలు
పాపని వీపున దుప్పట్లో కట్టుకుని
కాలెడన్ వంతెన దాకా నడిచొస్తాను.
నాలుగు కిలోలు పోయాయి.
నిన్న కంచె దగ్గర ముసలమ్మ ఆపింది:
"మ-న్యకాల్లో, చిక్కినట్టున్నావే?"
గుండె ఝల్లుమంది.
"నడుస్తున్నానమ్మా, బీపీకి."
ఆమె నమ్మలేదు.
నమ్మించడానికి ఏం చూపించాలో నాకూ తెలియలేదు.

ఇంటికొచ్చి అమ్మ బెల్టు చుట్టి చూశాను.
కంపెనీ మొదటి బెజ్జానికి ఇంకా బెత్తెడు దూరం.
పొయ్యి పక్కన మేకు ఉంది.
ముట్టుకోలేదు.
పాప బెల్టు లాక్కుంది,
కాసేపు చీకింది,
వేలితో బెజ్జాలు వెతికింది.
ఏడో దాంట్లో
దాని వేలు పట్టలేదు.
లావు వేలు.